వినే అలవాటున్న పరమేష్

జడ్చర్ల బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణం నడిపే పరమేష్‌కు ఒకటే పిచ్చి, సభలు. పాలమూరులో ఎక్కడ మైకు 'హలో హలో' అన్నా సరే, దుకాణం భార్య నాగరాణికి అప్పజెప్పి బస్సెక్కేస్తాడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి దూరవిద్యలో ఎమ్మే తెలుగు చదివాడు మరి. చదివింది ఎవరికైనా చెప్పుకోవాలి కదా! దుకాణానికి వచ్చేవాళ్లకేమో ఆధార్ కార్డు రెండువైపులా పడితే చాలు, ఛందస్సు అక్కర్లేదు.

అందుకని జ్ఞానతోరణ మిత్రమండలిలో చేరాడు. చేరి ఏం చేశాడయ్యా అంటే, విన్నాడు. ఏళ్ల తరబడి విన్నాడు. ముందు వరుసలో కూర్చుని తలూపాడు, చప్పట్లు మొదలుపెట్టాడు, భువనగిరి కోటకు సాహితీ యాత్ర పెడితే గుట్ట మీదిదాకా బ్యానరు మోశాడు. ఫొటోలో బ్యానరు పడింది, వెనక పట్టుకుని నిలబడ్డ పరమేష్ పడలేదు. ఆహ్వాన పత్రాలు ఈయన దుకాణంలోనే తయారవుతాయి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అంటూ అందరి పేర్లూ అందులో ఉంటాయి, తయారుచేసినవాడి పేరు తప్ప.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తన పేరు మైకులో పిలవగా వేదిక ఎక్కాలని ఆయన కోరిక. ఆ సంగతి నాగరాణికి తెలుసు. తెలిసే మండిపడేది.

"గిన్నేండ్ల సంది పోతున్నవ్. ఎన్నడన్న పైకి పిలిచిండ్రా నిన్ను?"

"ఈ ఆదివారం పిలుస్తరు. సోమన్న సారు మాటిచ్చిండు."

సోమన్న సారంటే మిత్రమండలి అధ్యక్షుడు, రిటైరైన లెక్చరరు. మైకు ముందు గ్రాంథికం, మైకు పక్కన పాలమూరు యాస.

"అయితే నేను గూడ వస్త. పిలువకుంటే నీ సభలు బంద్. ఆదివారం దుకాణంల కూసోవాలె."

"సరే. పిలిస్తే మల్ల నువ్వు నోరెత్తొద్దు."

ఆదివారం ఇద్దరూ సభకు వెళ్లారు. ఆనాటి ఉపన్యాసం 'వినే సంస్కృతి' గురించి. సోమన్న సారు మైకందుకుని అతిథుల్ని వేదిక మీదికి పిలవడం మొదలుపెట్టాడు. పిలిచినవాళ్లు పిలిచినట్టు లేచి పోతుంటే, కింది కుర్చీలు కూడా సగం వాళ్ల వెంటే పైకి పోయాయి. ఆఖరికి టీ పోసే జానీని సైతం 'నిరంతర సేవకుడు' అని ఎక్కించారు. కింద మిగిలింది ఫొటోగ్రాఫరు, మన దంపతులు.

"ఇగ నన్ను గూడ పిలుస్తరేమో, చీర సదురుకోవాల్నా?" అని నాగరాణి కిసుక్కున నవ్వింది.

సరిగ్గా అప్పుడే వినిపించింది: "మన శ్రేయోభిలాషి శ్రీ పరమేష్ గారిని సాదరంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం!"

పరమేష్‌కు ఒళ్లు పులకరించింది. మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. నిజం చెప్పాలంటే నాగరాణి కూడా మురిసిపోయి చప్పట్లు కొట్టింది. కింద నుంచి కొట్టడానికి ఇంకెవరున్నారు గనక! చివరి కుర్చీలో కూర్చున్నాడు. భుజమ్మీద శాలువా పడింది.

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. "సార్, కింద మొత్తం ఖాళీ కనవడ్తాంది. పేపరోళ్లు ఎట్ల ఏస్తరు?"

వేదిక మీది పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి పరమేష్ మొహం చూశారు. సోమన్న సారు మైకును అరచేత్తో మూశాడు.

"పరమేషూ, జర నువ్వు కిందికి పోయి కూసో బిడ్డా. నీకు ఇనే అలవాటున్నది గదా."

దిగాడండీ, దిగాడు! శాలువా మడిచి కుర్చీలో పెట్టి మరీ దిగాడు.

"మీరిద్దరు జర దూరం దూరం కూసోండి, నిండుగ కనవడ్తది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

నాగరాణి మొహంలో నవ్వు మాయమైంది. మొగుణ్ని తాను ఎన్నైనా అంటుంది, అది వేరే సంగతి. వీళ్లెవరు? ఆయన రెక్క పట్టుకుని "దా, పోదాం" అని బయటికి లాక్కొచ్చింది. వెనకాల 'వినే సంస్కృతి' ఉత్త కుర్చీలకు మొదలైంది.

"పిలిచిండ్రు గదా!" అన్నాడు బస్సులో.

"దించిండ్రు గదా!" అంది.

జడ్చర్ల దాకా అదే వాదన. పందెం ఎవరు గెలిచారో తేలలేదు గానీ, మరుసటి ఆదివారం పరమేష్ దుకాణంలోనే కూర్చున్నాడు. మనిషి ఇక్కడ, ప్రాణం పాలమూరులో. సభవేళకు ఫోను మోగనే మోగింది.

"యాడున్నవ్ పరమేషూ? అతిథులందరు పైకెక్కి కూసున్నరు. ఇనెటోడే లేడు!" సోమన్న సారు గొంతు.

పరమేష్ చెప్పులు వెతుక్కుంటుంటే నాగరాణి ఫోను గుంజుకుంది. గొంతు సవరించుకుని, "శ్రీ పరమేష్ గారు ఇక్కడ అధ్యక్షత వహిస్తున్నారు సార్. సమయాభావం వల్ల రాలేరు" అని పెట్టేసింది.

తర్వాత స్టూలు లాక్కుని మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"ఇగ చెప్పు. ఆడ ఏం మాట్లాడుదామనుకున్నవో ఈడ మాట్లాడు. నేనింట."

పరమేష్ లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "సభకు నమస్కారం" అన్నాడు.

ఆ తర్వాత ఏం చెప్పాలో ఎంతకీ తోచలేదు.