మంకీ టోపీ, నీలం తీగ చెప్పు

చలికాలంలో కళ్ళు చూసి మనిషిని గుర్తుపట్టగలనని నేను గట్టిగా నమ్మాను. నాకు ఇంకొకరు టోపీ పెట్టాల్సిన పనిలేదు, నేనే పెట్టుకోగలను.

కల్లూరు పొలాల్లో పెరిగినవాణ్ణి. పెళ్ళయ్యాక ఉద్యోగం కోసం బొగ్గుగనుల ఊళ్ళో అత్తగారింట దిగాను. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా మామది ఒకటే చట్టం: చలికాలంలో మంకీ టోపీ లేకుండా గడప దాటకూడదు. దాటబోతే వెనకనుంచి వచ్చి ఆయనే తొడిగేవారు.

"చలి చెవులకెల్లి దూరుతది అల్లుడా," అనేవారు. ఆయన కాళ్ళకు మాత్రం అరిగిన రబ్బరు చెప్పులే. చెవులకు కోట కట్టి కాళ్ళను గాలికొదిలే ఈ యుద్ధనీతి ఏమిటో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు పరీక్షగా సాక్సులు తొడుక్కుని, టోపీ జేబులో పెట్టుకుని తిరిగాను. సాయంత్రానికి కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ముక్కే కారింది.

అయినా ఓడిపోవడం ఇష్టంలేక, వేరే ఇల్లు చూసుకుందామనుకున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మా వీధి చివరి టీకొట్టు ముందు పొద్దున్నే చలిమంట వేస్తారు. చుట్టూ అన్నీ ఒకేరకం మెరూన్ టోపీలు, బస్టాండు దగ్గర స్వెట్టర్లవాళ్ళు అమ్మినవే. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఎవరెవరో పోల్చుకోవడం నాకో సరదా. ఆ పొద్దున నా పక్కన కూర్చున్నాయనవి దయగల కళ్ళు. కాబట్టి మా మామ అయ్యే ప్రసక్తే లేదు.

"కాకా, ఎక్కడన్నా కిరాయి ఇల్లుంటే చెప్పు," అన్నాను. "పొద్దున లేస్తే మా మామ నెత్తిమీద టోపీ బోర్లిస్తాడు. నేను అల్లుణ్ణా, గంప కింద కోడిపిల్లనా?"

ఆ కళ్ళు మంటలోకి చూశాయి. అవతలివైపు ఎవరో కిసుక్కుమన్నారు. పక్కాయన టోపీని మూతి కిందికి లాగారు. లోపల మా మామ.

"ఏంది అల్లుడా, నా ఇంట్ల జాగ సాలుతలేదా?"

గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"కింద జూడొద్దా అయ్యా?" అంది టీకొట్టామె. "తెగిన ఎడమ చెప్పుకు కట్టిన నీలం తీగ. ఊరందరికి ఎరుకే గద!"

ఇంటికి నడుస్తుంటే మామ చెప్పారు. "బాయిల నెత్తి మీది లైటు ఎదుటోని మొఖం మీద కొట్టొద్దు, కండ్లు చెదురుతయ్. కాళ్ళ మీదనే కొట్టాలె. గట్ల కాళ్ళు జూసే మనిషిని గుర్తువడ్తుంటిమి."

నేనేమో ఇన్నాళ్ళూ పై అంతస్తులో వెతుకుతున్నాను.

ఇల్లు వెతకడం మానేశాను. కానీ మంటచుట్టూ ఉన్నవాళ్ళు వదల్లేదు. రోజూ అదే పలకరింపు: "ఏం అల్లుడా, ఇల్లు దొరికిందా?" మామ నవ్వేవారు కాదు, వాళ్ళను ఆపేవారూ కాదు.

ఒక పొద్దున ఆయనకన్నా ముందు లేచాను. టోపీ గడ్డందాకా దించుకుని, నీలం తీగ చెప్పులేసుకుని వెళ్ళాను. మామే అనుకుని అందరూ పక్కకు జరిగి, పొగ రానివైపు నాకు చోటిచ్చారు. చెవులు నిజంగానే వెచ్చగా ఉన్నాయి. ఆ సంగతి మామకు ఇప్పటికీ చెప్పలేదు.

కాసేపటికి ఆయనా వచ్చారు, గడప దగ్గర మిగిలిన నా తోలు చెప్పుల్లో.

"ఏం అల్లుడా, ఇల్లు దొరికిందా?" అన్నారు అందరూ.

మామ తన కాళ్ళు చూసుకున్నారు. తర్వాత నా కాళ్ళు చూశారు. నేను టోపీని మూతి కిందికి లాగి, టీ ఊదుకుంటూ అడిగాను:

"ఏంది అల్లుడా, నా ఇంట్ల జాగ సాలుతలేదా?"