చేతిలోనే ఉండిపోయిన తాడు

ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది వదిన. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, కుక్కర్ కూత వేయగానే ఎగిరి మంచమెక్కి కూర్చున్న ఆడపడుచును చూసి కడుపుబ్బ నవ్వి, "ఇది మనిషి కాదు, పిచ్చుక" అంది. అప్పటినుంచి ఇంట్లో అదే పిలుపు. పిచ్చుక పెద్దదవుతుంటే దాని భయాలూ పెద్దవయ్యాయి తప్ప తగ్గలేదు. బల్లంటే భయం, లిఫ్టంటే భయం. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అన్నిటికీ తలమానికం నీళ్ళ భయం. మోకాలు దాటితే చాలు, ఊపిరి అందేది కాదు.

విచిత్రమేమిటంటే ఆమె బతుకుతెరువు నీళ్ళతోనే. ఊరికి మంచినీళ్ళు పంపే కేంద్రంలో నీళ్ళు పరీక్షించే పని. సీసాలో ఉన్నంతసేపు నీళ్ళు ఆమె మాట వినేవి. అక్కడ ఆమె చేతికి వణుకు తెలియదు.

ఉత్తరాన ఎక్కడో చలిదేశపు విశ్వవిద్యాలయంలో సరస్సుల నీటి మీద పై చదువు ఉందనీ, ఉపకారవేతనం ఇస్తారనీ తెలిసినప్పుడు వెంటపడింది వదినే.

"దరఖాస్తు పెట్టవే. రాకపోతే నీ భయం తీరుతుంది, వస్తే నా పోరు తీరుతుంది."

వచ్చింది. ఆ రోజు పిచ్చుక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆనందబాష్పాలు అనుకున్నాడు అన్నయ్య. వదిన మాత్రం తలుపు దగ్గరే నిలబడి, "ఏడువు, ఏడువు. విమానంలో ఏడిస్తే పక్కవాళ్ళు హడలిపోతారు" అంది.

కొత్తచోట ఆమె గది పొడవాటి వరండాలో చివరిది. వంటిల్లు అందరికీ ఒక్కటే. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో అర. ఎవరైనా ఉంటే లోపలికి వెళ్ళడానికి భయపడి, అడుగుల చప్పుడు ఆగాక పిల్లిలా వెళ్ళి అన్నం వండుకుని గదికి తెచ్చుకునేది. మధ్యాహ్నం టీ తాగే వేళకే పొద్దుగూకేది. తరగతిలో ఇంకో గండం. పాఠం చెప్పే పెద్దావిడను అందరూ పేరు పెట్టి పిలిచేవారు. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, పిచ్చుకకు అమ్మ వయసు. ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, మేడం అంటే ఆవిడ ఒప్పుకోదు. చివరికి పిచ్చుక ఓ దగ్గు దగ్గి మాట మొదలుపెట్టడం అలవాటు చేసుకుంది. "నీకు జలుబు తగ్గదా?" అని ఆవిడ నిజంగానే బెంగపడింది.

ఆ తరగతిలో పిచ్చుకకు దొరికిన ఒకే ఒక్క స్నేహం భీముడు. అతనూ ఎండలు మండే దేశం నుంచే వచ్చాడు. గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావలసినంత మనిషి. పేరు పలకడం రాక పిచ్చుక మనసులో భీముడు అనుకుంది, ఓ రోజు పైకే అనేసింది. అర్థం చెబితే మురిసిపోయాడు.

చలి ముదిరి సరస్సు గడ్డకట్టాక అసలు సంగతి తెలిసింది. నీళ్ళ నమూనాలు తేవాలంటే ఆ మంచుగడ్డ మీద నడిచి వెళ్ళి, నడుమ బొక్క తొలిచి తోడాలి. గడ్డ మీద కాలు పెట్టాలంటే ముందు ఒక పరీక్ష. ఒడ్డు దగ్గర గడ్డ కోసి గుంట చేస్తారు. నడుముకు తాడు కట్టి, పిడి ఉన్న రెండు ఇనుప మేకులు మెడలో వేస్తారు. బట్టలతోనే ఆ గుంటలో పడాలి. మేకులు గడ్డలో గుచ్చి, కాళ్ళాడిస్తూ తనంతట తాను పైకి పాకి రావాలి.

పిచ్చుక ఒడ్డున నిలబడి చూసింది. గుంటలో నీళ్ళు కాటుకలా నల్లగా ఉన్నాయి. ఒక్కొక్కరే పడుతున్నారు, కెవ్వుమంటున్నారు, పాకి వస్తున్నారు. భీముడు పడ్డప్పుడు నీళ్ళు అందరి మీదా చిందాయి. పైకి వచ్చి ఎలుగుబంటిలా దులుపుకుని నవ్వాడు. అప్పుడే సరస్సు లోపలినుంచి ఓ మూలుగు వినిపించింది. దూరంగా మొదలై కాళ్ళ కిందుగా సాగిపోయింది.

"అదేమీ కాదు, గడ్డ సర్దుకుంటోంది. రా, నీ వంతు" అంది పెద్దావిడ.

పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు కదలలేదు.

"నా వల్ల కాదు" అంది. దగ్గు కూడా రాలేదు.

పెద్దావిడ తిట్టలేదు, బతిమాలలేదు. "సరే. అయితే గడ్డ మీదకి రాకూడదు. మిగతావాళ్ళు తెచ్చిన నీళ్ళు పరీక్షించు" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పిచ్చుకకు. తిట్టు తిని ఏడవడం తెలుసు. తిట్టనివాళ్ళ ముందు ఏం చెయ్యాలో తెలియదు.

వదినకు చెప్పలేదు. ఆమె ఫోన్‌లో "ఏం చేస్తున్నావే?" అంటే "నీళ్ళు పరీక్షిస్తున్నా" అంది.

"ఇక్కడ చేసిందీ అదేగా! దానికి అంత దూరం వెళ్ళాలా?"

ఆ మాట ముల్లులా దిగింది. ఆ తర్వాత భయం ఒక్క నీళ్ళ దగ్గరే ఆగలేదు. తరగతిలో నోరు విప్పడానికి భయం, తలుపు తట్టడానికి భయం. నిద్రలో కాళ్ళ కింద నేల మూలిగేది.

చలి కొంచెం విరిగాక ఓ రోజు అందరూ మళ్ళీ సరస్సుకు వెళ్ళారు. పిచ్చుక ఒడ్డున సామాన్ల బండి దగ్గర ఉంది. బండి మీద సీసాలు, కంబళ్ళు, ఎవరైనా పడితే విసరడానికి తాడు చుట్ట. పెద్దావిడ కొందరితో చాలా దూరం వెళ్ళింది. భీముడు మరిచిపోయిన సీసాల పెట్టె కోసం వెనక్కి వస్తూ, దగ్గర దారి అనుకుని, వాగు వచ్చి సరస్సులో కలిసే వైపు నుంచి నడిచాడు. వాగు నీళ్ళు కదిలేచోట గడ్డ పలచన. అది పిచ్చుకకు తెలుసు, పుస్తకంలో చదివింది. "అటు కాదు" అనబోయింది. మాట పెదవి దాటేలోగా పెళ్ళుమని చప్పుడైంది. భీముడు లేడు.

తల ఒక్కసారి పైకి తేలింది, నోరు తెరుచుకుని ఉంది, గొంతు రాలేదు. పిచ్చుక తాడు చుట్ట అందుకుంది. అంతవరకే గుర్తు. తరువాత ఆమె చేసిందల్లా అరవడం. "రా! ఇటు రా! మేకులు గుచ్చు! ఓరి నాయనో, గుచ్చరా!" అని తెలుగులో గొంతు చించుకుంది. అతను గడ్డ అంచు పట్టుకుంటున్నాడు, అంచు విరుగుతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు, మళ్ళీ విరుగుతోంది. చివరికి మేకులు దిగాయి. బోర్లా పాక్కుంటూ, పక్కకు దొర్లుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. కనుబొమ్మల మీద నీళ్ళు అప్పుడే గడ్డకడుతున్నాయి.

కేకలు విని పెద్దావిడ పరుగున వచ్చింది. తడిబట్టలు విప్పించి, కంబళ్ళు చుట్టి, కారులో కూర్చోబెట్టారు. పళ్ళు టకటకలాడుతుంటే భీముడు అన్నాడు: "నువ్వు అన్నదాంట్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఒడ్డు ఎటుందో నీ గొంతును బట్టే తెలిసింది."

అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. తన చేతుల వంక చూసుకుంది. తాడు చుట్ట విప్పకుండా అలాగే ఉంది. రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉంది. విసరాలన్న సంగతే తట్టలేదు. భీముడి చేతుల్లో బలం ఉండబట్టి సరిపోయింది. లేకపోతే?

ఆ "లేకపోతే" ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే పెద్దావిడ గది తలుపు తట్టింది.

"తాడు నా చేతిలోనే ఉండిపోయింది. విసరలేదు. అతను మునిగిపోయినా అలాగే పట్టుకుని నిలబడి ఉండేదాన్నేమో."

పెద్దావిడ ఓదార్చలేదు. "తెలుసు, నేను వచ్చేసరికి చుట్ట నీ చేతిలోనే ఉండటం చూశాను. అతన్ని ఆ దారిన రానివ్వడం నా పొరపాటు. తాడు సంగతి నీది" అంది. తర్వాత మెల్లగా, "నీళ్ళలో పడితే ఏమవుతుందో నీ ఒంటికి తెలియదు. తెలియనిదాన్ని చూస్తే చేతులు బిగుసుకుపోతాయి. గడ్డ ఇంకా కరగలేదు. వస్తావా?" అని అడిగింది.

వెళ్ళింది. ధైర్యం వచ్చి కాదు. రెండు భయాల్లో ఒకటి ఎక్కువ బరువై. భీముడు తాడు పట్టుకున్నాడు. "అరవాలంటే అరిచెయ్, నీ భాషలోనే" అన్నాడు.

పడింది. చలి కత్తిలా కాదు, గోడలా తగిలింది. ఊపిరి ఆగిపోయింది. చచ్చిపోయాననే అనుకుంది. మేకులు జారాయి, గుచ్చింది, మళ్ళీ జారాయి. పొట్ట గడ్డ మీదకి వచ్చినప్పుడు ఆమెకు ఏడుపూ రాలేదు, గెలిచానన్న సంబరమూ లేదు. కడుపులో ఉన్నదంతా మంచు మీద కక్కేసింది. పెద్దావిడ వీపు నిమురుతూ, "ఇప్పుడు తాడు విసరడం నేర్చుకుందాం" అంది.

ఆ సాయంత్రం వదినకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నా. మీ అన్నయ్యకు చెప్పకు, ఆయనకు గుండె ఆగుతుంది. నాకు ఇప్పటికే ఆగింది." ఆ వెంటనే, "మళ్ళీ దిగాలా?"

"చలికాలం వచ్చినప్పుడల్లా."

"భయం పోయిందా?"

"లేదు."

"మరి?"

"ఏమో వదినా. వెళ్తున్నాను, అంతే."

చదువు పూర్తిచేసి అక్కడే నీళ్ళ పరీక్షల కేంద్రంలో పనికి కుదిరింది. గడ్డ మీదకి వెళ్ళే రోజు ఇప్పటికీ పిచ్చుక పొద్దున ఏమీ తినదు. తింటే నిలవదని తెలుసు. నడిచేటప్పుడు అడుగడుగునా కర్రతో కొట్టి చూస్తుంది. తోటివాళ్ళు విసుక్కుంటారు, అయినా ఆమె వేసిన అడుగులోనే అడుగు వేసి వెనకాలే వస్తారు.