జగన్మోహనరావు లగేజీ కాటా

జగన్మోహనరావుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. కంటబడిన ప్రతి వస్తువూ ఎంత బరువుతో లాగితే కదులుతుందో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక ఆ బరువు తగ్గించాలి.

ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసు తూచుకోవడానికి సింగపూర్‌లో ప్రతి తెలుగింట్లోనూ ఒక లగేజీ కాటా ఉంటుంది. పైన పిడి, కింద కొక్కెం. మిగతా ఇళ్ళలో అది ఏడాదికి ఒకసారి బయటికొస్తుంది. జగన్మోహనరావు జేబులో మాత్రం కళ్ళజోడు పక్కనే కాపురం ఉంటుంది. యూ టీ పేటలో ఆయన పదకొండో అంతస్తు ఫ్లాటుకి ఎవరైనా భోజనానికి వస్తే, వాళ్ళు చేతులు కడుక్కునేలోపే ఫ్రిజ్ తలుపుకి కొక్కెం తగిలించి లాగి చూపిస్తాడు.

"రెండు కిలోల మూడొందలు. ఒక తలుపుకి ఇంత పొగరు అవసరమాండీ?"

అవసరం లేదని వచ్చినవాళ్ళు ఒప్పుకుంటే గాని పప్పు వడ్డించనివ్వడు.

"పప్పా, గెస్టుల ముందు ఫ్రిజ్‌ని వెయ్ చెయ్యకు లా. సో ఎంబరాసింగ్," అంటుంది సింగపూర్ యాసలో, ఇక్కడే పుట్టి పెరిగిన కూతురు దీక్షిత.

ఈ పిచ్చి ఆయనకు కాకినాడ కాలేజీలో అంటుకుంది. ఎన్‌సీసీలో చేతికిచ్చిన పాయింట్ టూ టూ రైఫిలు చిన్నదే, గుండూ చిన్నదే, ట్రిగ్గర్ మాత్రం పరమ మొండిది. ఓ పట్టాన కదలదు. కదిలితే గరగరమంటుంది. తీరా పేలే సమయానికి గొట్టం పక్కకి ఒరిగిపోతుంది. ఎంపిక రోజు తొమ్మిది గుళ్ళు గురి పలక మీది నల్లచుక్కలో పడ్డాయి. పదోది పడలేదు. ఢిల్లీ పోటీకి ఇంకొకడు వెళ్ళాడు. ఒక్క రోజు ఇంటికి తీసుకెళ్ళనిస్తే ఆ ట్రిగ్గర్ బాగుచేసి తెస్తానని హవల్దారుని బతిమాలితే, ఆయన మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తించాడట. ముప్ఫై అయిదేళ్ళయినా జగన్మోహనరావు ఆ పదో గుండుని మరిచిపోలేదు.

సింగపూర్‌లో ఇంట్లో తుపాకీ అన్న ఊహ కూడా పనికిరాదు. అందుకని చాంగీ బిజినెస్ పార్కులో ఆఫీసు ముగించుకుని, రైల్లో కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసుకుంటాడు. అమెరికాలో ఎవరో గడ్డపాయన గ్యారేజీలో బల్ల వేసుకుని, తన పాయింట్ టూ టూ రైఫిలు విప్పి, ట్రిగ్గర్ మెత్తబరుస్తుంటాడు. పక్క సీట్లోవాళ్ళు వంటల వీడియోలు చూస్తూ గుటకలు వేస్తుంటే ఈయన వీటిని చూస్తూ వేస్తాడు. ఆ బల్ల ముందు ఒక్క పూట కూర్చోవాలని ఆయనకు ఎంత ఆశో.

"మంచి ట్రిగ్గరంటే ఎలా ఉండాలో తెలుసా కాత్యాయనీ? లాగుతున్నట్టు తెలియకూడదు. పేలాకే తెలియాలి."

ఈ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ కాత్యాయని రోజుకొకసారి చొప్పున వింటూనే ఉంది.

ఈ రెండేళ్ళలో పిచ్చి బాగా ముదిరింది. రైఫిలు దొరకని మనిషి ఇంటి మీద పడ్డాడు. గ్యాస్ లైటరు, అద్దాలు తుడిచే స్ప్రే సీసా, టీవీ రిమోటు, ఏదీ వదల్లేదు. విప్పడం, లోపలి స్ప్రింగుని సాగదీయడమో కత్తిరించడమో చెయ్యడం, మళ్ళీ బిగించి భార్య చేతికివ్వడం.

"ఏదీ, నువ్వొకసారి నొక్కు."

ఆమె నొక్కేది. ఆయన వస్తువు వంక చూడకుండా ఆమె ముఖం వంకే చూసేవాడు. మెప్పు కోసం ఇంత కక్కుర్తేమిటో అనుకునేది కాత్యాయని.

"భేషుగ్గా ఉందండీ."

"ఊహూ. ఇంకా తగ్గాలి."

బట్టల క్లిప్పుల దగ్గర మాత్రం వ్యవహారం చెయ్యి దాటిపోయింది. కిటికీ బయట వెదురు కర్ర మీద ఆరేసిన ఆయన గళ్ళ లుంగీ పదకొండో అంతస్తులో బయల్దేరి, తాపీగా దిగి, మూడో అంతస్తు చైనీస్ ఆంటీ కర్ర మీద వాలింది. ఆవిడ దాన్ని మడతపెట్టి మరీ తెచ్చింది.

"అంకుల్, యువర్ సరోంగ్ ఫ్లై అరెడీ," అని లుంగీ ఎగిరొచ్చిన సంగతి చెప్పి, ఇచ్చి వెళ్ళిపోయింది.

"ఎంతకి దించారేమిటి వాటిని?" అంది కాత్యాయని.

"నూరు గ్రాములు. క్లిప్పుకి కొంచెం తక్కువేలే."

ఆ సాయంత్రం కాత్యాయని కడుపుబ్బ నవ్వింది గానీ, నవ్వు ఆగాక వేళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది. రెండేళ్ళ కిందట కీళ్ళవాతం ఆమె వేళ్ళలోకి దిగింది. మంచం కింద వాళ్ళ నాన్న హార్మోనియం ఉంది. పద్య నాటకాలకి ఆయన వెంట ఊరూరా తిరిగిన పెట్టె. లిటిల్ ఇండియాలో ఆదివారం భజనలకి ఆమె వాయించేది దాని మీదే. ఇప్పుడు ఒక్క మెట్టు నొక్కితే నొప్పి మోచేతి దాకా పాకుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తీరిక లేదంటూ వచ్చింది. కానీ స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటే ఆమె వేళ్ళు వంటగట్టు మీద వాటంతటవే నడిచేవి, చప్పుడు లేని మోహన రాగం వాయించుకునేవి. మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చోవాలని ప్రాణం లాగేసేది. అది కంటబడకుండా ఉంటేనే నయమనీ అనిపించేది. చివరికి, పిల్లలకి భజనలు నేర్పే భువనని ఆదివారం వచ్చి పట్టుకెళ్ళమంది.

"ఈ ఆదివారమేనా? ఇంకో రెండు వారాలు ఆగకూడదూ?" అన్నాడు జగన్మోహనరావు.

"ఆగితే ఏమవుతుంది?"

"ఏం లేదు, ఊరికే."

ఆదివారం భువన వచ్చింది. పెట్టె బయటికి లాగి, మూత తెరిచి, గాలి తిత్తి రెండుసార్లు ఊపింది. మెట్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. హార్మోనియం తనంతట తానే "సా" అని ఎత్తుకుంది.

భువన చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆంటీ, నేనేం టచ్ చెయ్యలేదు."

కాత్యాయని మొగుడి వంక తిరిగింది. ఆయన సీలింగ్ ఫ్యాను వంక చూస్తున్నాడు.

"మా నాన్న పెట్టె కూడా విప్పేశారా?"

"మెట్ల కింద స్ప్రింగులే. ఒక్కదానికి కొంచెం ఎక్కువ తగ్గిపోయింది. గాలి తగిలితే పలికేస్తోంది. దానికోసమే రెండు వారాలు ఆగమన్నాను."

"ఇల్లంతా విప్పినా సరిపోలేదా మీకు? ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆమెకు ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. భువన తలుపు వంక చూసుకుంది.

జగన్మోహనరావు జేబులోంచి కాటా తీసి అటూ ఇటూ తిప్పాడు.

"లైటరు కిలోన్నర ఉండేది. నొక్కేటప్పుడు నీ కనుబొమలు ముడిపడ్డాయి. స్ప్రే సీసా ఎనిమిదొందలు, పెదవి కొరుక్కున్నావు. క్లిప్పు రెండొందలకి దించినా ఊపిరి బిగబట్టావు. నూరుకి దించాక నీ ముఖం మామూలుగా ఉంది. అంటే నీ వేళ్ళకి నూరు దాటకూడదు. ఈ మెట్లు నూట నలభై ఉన్నాయి. అన్నిటినీ ఎనభైకి తెచ్చాను."

"నన్ను అడిగితే సరిపోయేదిగా."

"అడిగితే నొప్పే లేదంటావుగా."

కాత్యాయనికి రెండేళ్ళుగా ఆ కాటా తూస్తున్నది తన వేళ్ళనేనని అప్పటికి అర్థమైంది. ఇన్నాళ్ళూ మెప్పు కోసం అనుకున్న చూపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఏదీ, నువ్వొకసారి నొక్కు," అన్నాడు మెల్లగా.

ఆమె చాప మీద కూర్చుని ఎడంచేత్తో తిత్తి ఊపింది. ఎవరూ పిలవని ఆ "సా" మళ్ళీ పలికింది. ఇంకో మెట్టు మీద వేలు ఊరికే ఆనించింది. గాంధారం ఎప్పుడు మొదలైందో తెలియలేదు. పంచమం వచ్చింది, ధైవతం వచ్చింది. రెండేళ్ళు వంటగట్టు మీద మూగగా తిరిగిన మోహన రాగం యూ టీ ఫ్లాటంతా నిండిపోయింది. జగన్మోహనరావు ఆమె ముఖం వంకే చూస్తున్నాడు. కనుబొమలు కదల్లేదు.

"అంకుల్, ఆ సా అలాగే ఉంచెయ్యండి, శ్రుతికి పనికొస్తుంది," అంది భువన. "ఆంటీ, పెట్టె నాకొద్దు గానీ, వచ్చే ఆదివారం దాన్ని తీసుకుని మీరే వచ్చెయ్యండి."

వాయించడం ఆపాక కాత్యాయని చాలాసేపు మెట్ల మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు జగన్మోహనరావు.

"నొక్కుతున్నట్టు తెలియలేదండీ. మోగాకే తెలిసింది."

ముప్ఫై అయిదేళ్ళ కిందటి పదో గుండు ఆ పూట నల్లచుక్కలో పడింది. జగన్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఇంకో అయిదు గ్రాములు తగ్గించనా?"

కాత్యాయని ఆయన దగ్గరున్న కాటా లాక్కుని, కొక్కెం ఆయన చెవికి తగిలించింది.

"ఇది ఎంత బరువుతో లాగితే వింటుందో ముందు చూద్దాం."