పూడని గండి

ఆ కాలంలో మా ఆదోని వైపు పిల్లనిచ్చేవాళ్లు చెప్పి వచ్చేవారు కాదు. చెప్పి వస్తే ఏ వెధవైనా తల దువ్వుకొని బుద్ధిమంతుడిలా కూర్చుంటాడని వాళ్ల వాదం. (నిజమే. నేనూ కొత్త దువ్వెన కొనిపెట్టుకున్నాను.) పత్తి మిల్లులో గుమాస్తాగా చేరిన కొత్త. హొళగుందలో ఒక పెళ్లిలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డిస్తున్న కౌతాళం పిల్లను చూసి మనసు పారేసుకున్నాను. ఇంకొకటి వేయమని ఆకు చూపిస్తే "ఇంగా యాడ పడతాయప్పా నీకు?" అంది. ఆ ఒక్క మాటకే పడిపోయాను. ఇంకెవరినీ చేసుకోనని అమ్మను పోరు పెట్టి పంపితే, ఆ పిల్ల తండ్రి, మాకు దూరపు వరసలో మామ, "ఒకపారి పిల్లోని గది కాడికి పోయొచ్చి సెప్తా" అన్నాడట. ఇక చూడండి, ఆదివారం వస్తే చాలు, గది ఊడ్చుకొని గుమ్మంలో కాపలా కూర్చునేవాణ్ణి.

ఎంతకీ రాడే ఆ మహానుభావుడు! మిల్లులో పత్తి బోరాలు తూచే తూకాలన్నకు నా మీద జాలేసింది. "సరిగ్గా ఈ ఆదివారమే వస్తాడా ఏంది? రాప్పా, గండికోట సూసొద్దాం. మన ఆదోని కొండే కొండంటాండావే, ఆడ కొండను పెన్న నిలువునా కోసింటాది" అన్నాడు. శనివారం సాయంత్రం బయలుదేరుతుంటే, నాకు గది అద్దెకిచ్చిన రొట్టెలవ్వ జొన్నరొట్టెలూ శెనక్కాయల పొడీ మూటగట్టి, యాడికి నాయనా అని అడిగింది. "గండి కాడికవ్వా, శానా పెద్ద గండి" అంటూ పరిగెత్తాను. రైలుకు వేళైంది, కోట అనే రెండక్షరాలు నోట్లోనే ఉండిపోయాయి.

ముద్దనూరులో దిగి, బస్సులో కొంత, కాళ్ల మీద చాలా ప్రయాణం చేసి గండికోట చేరాం. కోట గోడలు దాటి, పాతకాలపు ధాన్యం కొట్టం దాటి, ఎర్రబండల అంచున నిలబడి కిందికి చూశాను. అమ్మో! ఎక్కడో పాతాళంలో పెన్న, జారిపోయిన కొంగులా సన్నగా కనిపిస్తోంది. నీళ్ల దాకా దిగుదామన్నాడు తూకాలన్న. దిగడం వరకే నా ఇష్టం, జారడమంతా బండల ఇష్టం. మోకాళ్లు చెక్కుకుపోయాయి, పంచె చిరిగింది, అరచేతులు బొబ్బలెక్కాయి. అయితేనేం, ఆకాశం దాకా లేచిన రాతిగోడల మధ్య చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకొని రొట్టెలు తింటుంటే, ఇంత సుఖం ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదనిపించింది. ఆ కౌతాళం పిల్ల ఇది చూస్తే ఏమనేదో అని కూడా అనిపించింది.

సరిగ్గా ఆ ఆదివారమే మామ దిగాడు! కౌతాళం పొలాలకు తుంగభద్ర కాలువ కొత్తగా వచ్చిన రోజులవి. ఆ రైతులకు గండి అంటే ఒకటే అర్థం, కాలువ కట్ట తెగడం. గండి కాడికి పోయినాడని అవ్వ చెప్పగానే మామకు పై ప్రాణం పైనే పోయింది.

"గండా! యాడ పడిందవ్వా?"

"ఏమో నాయనా. శానా పెద్దదంట. రొట్టెలు మూటగట్టుకొని మరీ ఉరికినారు."

మామ మంచినీళ్లైనా తాగకుండా తిరుగు బస్సెక్కాడు. ఊరందరినీ లేపి, పారలూ ఇసుక సంచులూ మోయించి, పొద్దుగూకే దాకా కాలువ కట్ట వెంట నడిపించాడు. గండి మాట దేవుడెరుగు, పిడికెడు మట్టి రాలిన చోటైనా కనిపించలేదు.

సోమవారం పొద్దున నేను రైలు దిగి కుంటుకుంటూ వచ్చేసరికి గది ముందర అరుగు మీద మామ. నా చిరిగిన పంచె, మోకాళ్లు, బొబ్బలు చూసి లేచి నిలబడ్డాడు.

"పూడ్సినారా నాయనా?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఏమడుగుతున్నాడా అని నేను నోరు తెరిస్తే, రొట్టెలవ్వ జరిగిందంతా చెప్పింది. ఊఁ అంటే పిల్ల నాది. అనలేకపోయాను. పూడ్చిన చోట కట్ట గట్టి చేద్దామని మళ్లీ ఊరిని పారలతో బయలుదేరదీస్తాడేమోనని భయం.

"అది పూడేది కాదు మామా," అన్నాను. "పెన్నేటిది. సూసేదానికి పోయింటిమి."

"సూసేదానికా!" మామ అరుగు మీద కూలబడ్డాడు. "గండిని సూసేదానికి రైలెక్కి పోతారా ఎవురైనా? ఇంగ నేను ఊర్లో ఏం సెప్పేదప్పా? లేని గండికి ఊరినంతా తిప్పినానని సెప్పుకొనేదా?"

పిల్ల పోయినట్టేనని నిశ్చయించుకున్నాను. మామ తల గోక్కున్నాడు, నా బొబ్బల వంక మళ్లీ చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"నోరు మూసుకొని ఇను. గండి పడింది. యాడనో పైన, దూరంగా. నువ్వు పోయి పూడ్సినావు. ఇంగ అట్లాంటోనికి పిల్లనీకుంటే ఊరు నన్ను ఉమ్మేస్తాది."

ఆ విధంగా నేను కౌతాళానికి గండి అల్లుణ్ణయ్యాను. పెళ్లిపందిట్లో ముసలి రైతులు నా చేతులు పట్టుకొని దీవించారు. (పార పట్టి ఎరుగని చేతులు!) తర్వాత ఎక్కడ కట్ట తెగినా నాకు కబురొచ్చేది. అల్లునికి జరమని మామ పాపం నెట్టుకొచ్చేవాడు.

చాలా ఏళ్లకు గాని మా ఆవిడను గండికోట తీసుకుపోలేకపోయాను. ఈసారి నా మోకాళ్లు వంగే రకం కాదు, కిందికి దిగే ఊసే ఎత్తలేదు. అంచు దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఆమె ఆ లోతునూ, అడుగున పెన్ననూ తనివితీరా చూసింది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమి పూడ్సినారండీ మీరు! అట్లే ఉందే!"

"నిన్ను చేసుకునే తొందరలో నడుమనే వదిలేసి వచ్చినాలే" అన్నాను.