ఓవెన్లో మా ఆయన వండిన చేప

మా ఆయన జీవితంలో రెండే సార్లు వంట చేశాడు. రెండు సార్లూ చేపే. ఆ వంటల సంగతి ఆయన చెప్పుకునే తీరు ఒకటి, జరిగింది ఇంకొకటి. ఆయన మాట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి జరిగింది నేను చెబుతాను.

తొంభైల మొదట్లో మేము గోదావరిఖనిలో బొగ్గు గని క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆయన గని మీద టైమాఫీసులో గుమాస్తా. లోపలికి దిగేవాళ్లకు హాజరు వేయడం ఆయన పని. ఫ్యాను కింద కుర్చీ, ముందు బల్ల. కానీ డ్యూటీ దిగి ఇంటికి వచ్చి మంచం మీద వాలే తీరు చూస్తే, ఆ షిఫ్టు బొగ్గంతా ఆయనొక్కడే తవ్వి పైకి మోసుకొచ్చాడనుకోవాలి. మంచినీళ్లు చేతికివ్వాలి. తువ్వాల భుజం మీద వెయ్యాలి. తిన్న కంచం తిన్నచోటనే ఉంటుంది, ఎవరో ఒకరు తీస్తారు. ఆ ఎవరో ఒకరు ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో మా అత్త కూడా ఉండేది. ఆమెకు కొడుకంటే ఎంత ప్రేమో నా కూరల మీద అంత అనుమానం. పదకొండేళ్ల కాపురంలో నేను వండినదాన్ని ఆమె ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఏదీ దొరక్కపోతే, "నిన్నటిది జర నయముండె" అనేది. నిన్న ఆ నిన్నటిదాన్ని కూడా ఏదో అన్నదే.

ఆ ఎండాకాలం ఆయన హైదరాబాదు పోయి ఒక కరెంటు ఓవెన్ కొనుక్కొచ్చాడు. గుండ్రటి అల్యూమినియం డబ్బా, మూత నడుమ గాజు బిళ్ల. దాని వెంట వంటల పుస్తకం ఒకటి వచ్చింది. అందులో ఒక బొమ్మ ఆయనకు తెగ నచ్చింది. తెల్లటి పళ్లెంలో గులాబీ రంగు చేప, దాని మీద చక్రాల్లా కోసిన నిమ్మకాయ. కింద ఇంగ్లీషులో ఉన్నది మాకు చదివి వినిపించాడు.

"సాల్మన్ చేప. ఇంటిల్లిపాదికి అల్కగ అయ్యే భోజనమట. అర్ధగంట సాలు. మీరేమో పొద్దంతా పొయ్యి కాడనే కూసుంటరు. ఎందుకు కూసుంటరో నాకైతే సమజ్ కాదు."

"అయితే నువ్వే చెయ్యరాదు," అన్నాను.

"చేస్త. ఐతారం నాడు చెల్లెను, బావను పిలుస్త. అందరు సూస్తరు."

ఆయన చెల్లెలు నస్పూర్‌లో ఉండేది. భర్తకు అక్కడి గనిలోనే పని. ఆదివారానికి వాళ్లకు కబురు పోయింది.

ఆ పొద్దున చేపలమ్మే ఆమె మా క్వార్టర్ల లైన్లోకి వచ్చింది. గోదావరి నుంచి వచ్చే చేపలే అమ్మేది. ఆయన పుస్తకం చేతిలో పట్టుకుని ఎదురుపోయాడు.

"సాల్మన్ ఉన్నదా?"

ఆమె తలమీది గంప దించి ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "సాల్మనా సారూ? ఆ పేరుతోని మా గల్లీల పాస్టరు ఉన్నడు. చేప అయితే లేదు."

లైన్లో ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఏ చేపయినా ఒకటే అని పెద్ద బొచ్చె చేప ఒకటి తీసుకుని, తెచ్చి నా ముందు పెట్టాడు.

"కడుగు."

"నువ్వు గదా వండేది?"

"వండేది నేనే. కడుగుడు వంట కాదు."

కత్తిపీట ముందేసుకుని పొలుసు గీకాను. బూడిద వేసి రుద్దాను. పొట్ట చీల్చి లోపలిదంతా తీశాను, ఉప్పు పసుపు పెట్టి మళ్లీ కడిగాను. నా కూతురు అల్లం, ఎల్లిగడ్డ నూరింది. మా అత్త పెరట్లోంచి నిమ్మకాయలు తెంపుకొచ్చింది. ఆయన కుర్చీ వేసుకుని పుస్తకంలోంచి ఒక్కొక్కటి చదువుతూ, ఏది ఎవరు చెయ్యాలో చెప్పాడు. ఆఫీసులో హాజరు పిలిచినట్టే పిలిచాడు. చివరికి నేను మసాలా పట్టించి ఇచ్చిన చేపను రెండు చేతులతో ఎత్తి ఓవెన్లో పెట్టాడు. తోక పట్టలేదు. "కొయ్యి" అన్నాడు. కోశాను. నిమ్మకాయ చక్రాలు మాత్రం స్వయంగా పరిచాడు. స్విచ్చి వేసి, నుదుటి మీద లేని చెమట తుడుచుకున్నాడు.

ఆడబిడ్డ, ఆమె భర్త అప్పుడే వచ్చారు. "రా బావా, సూడు," అని ఆయన మూత ఎత్తి చూపించాడు. పక్కింటాయన వస్తే మళ్లీ ఎత్తాడు. మంచినీళ్ల కోసం వచ్చిన ఎదురింటి పిల్లలకు కూడా చూపించాడు. గాజు బిళ్లలోంచి కనబడుతుంది కదా అంటే, "గట్ల మంచిగ కనవడది" అన్నాడు. ఎత్తినప్పుడల్లా ఉన్న వేడంతా బయటికి పోతూనే ఉంది. నేను చెప్పలేదు. పొయ్యి కాడ ఊరికే కూర్చునేదాన్ని, నాకేం తెలుసు?

అర్ధగంట కాగానే తీసేశాడు. పుస్తకంలో అంతే ఉందట. పైన నిమ్మకాయలు వాడాయి, చేప రంగు కొంచెం తిరిగింది. అందరికీ తానే వడ్డించాడు. ఇన్నేళ్లలో ఆయన చేత్తో నా కంచంలో ఏమన్నా పడడం అదే మొదటిసారి. ముక్క విరిచి చూశాను. పైన వేలెడు మందం ఉడికింది. లోపల ముల్లు దగ్గర పచ్చి నెత్తురు.

ఎవరేమంటారా అని చూశాను.

"అన్నా, ఎంత మంచిగ చేసినవు!" అంది ఆడబిడ్డ. "మా ఇంట్ల ఈయన చాయ్ గూడ పెట్టడు."

"కొత్త రుచి బావా," అన్నాడు ఆమె భర్త, పై పొర గోకి తింటూ.

నా కూతురొక్కతే నోరు తెరిచింది. "నాయినా, లోపల పచ్చిగున్నది."

మా అత్త దాని చెయ్యి మీద ఒకటి వేసింది. "తిను. మీ నాయిన గంత కష్టపడి చేసిండు. కమ్మగున్నది." అని, ఆ పచ్చి ముక్కను నమిలి మింగింది కూడా.

కమ్మగున్నదట. నా చేతి పులుసును పదకొండేళ్లు ముక్కు విరిచి తిన్న మనిషి అన్న మాట అది. నాకు ఏడుపు రాలేదు. వాళ్లందరి మీద జాలి కూడా రాలేదు. లేచి, నాకూ నా పిల్లకూ పచ్చిపులుసు పోసుకుని, కడుపు నిండా తిన్నాను.

సోమవారం టైమాఫీసంతా ఆయన వంట గురించే మాట్లాడుకుంది. అంతా ఆయన చెప్పిందే. ఆ వారంలోనే నలుగురు దోస్తుల్ని భోజనానికి పిలిచి వచ్చాడు.

"ఐతారం మల్ల చేస్తున్న. దోస్తులొస్తున్నరు," అన్నాడు.

"మంచిదే," అన్నాను. శనివారం పొద్దున కూతురి చెయ్యి పట్టుకుని గోలేటిలో ఉన్న మా అక్క ఇంటికి బయలుదేరాను.

"ఏంది, గిప్పుడా? చేప ఎవలు కడుగుతరు?"

"అర్ధగంట పనే గదయ్యా. అల్కగ అయితది."

మా అత్త అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. చేతిలో సంచి.

"నువ్వేడికి పోతున్నవే అవ్వా?" అన్నాడాయన.

"బిడ్డ యాదికొస్తున్నది. నస్పూర్ పోయొస్త," అంది కొడుకు మొహం చూడకుండా. మొన్ననే చూసిన బిడ్డ మళ్లీ అంతలోనే ఎందుకు యాదికొచ్చిందో ఆయనకు అర్థమైందో లేదో గానీ, నాకు బాగా అర్థమైంది.

ఆ ఆదివారం ఏం జరిగిందో మా పక్కింటి ఆపా చెప్పింది. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, అక్కను ఆపా అంటారు. ఆమె భర్త మెకానిక్. మా ఆయన చేపను తోక పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడట.

"ఆపా, దీన్ని జరంత కడిగిస్తవా?"

"నేను అన్న గదా, 'ఆసాన్ హై బోలే నా భాయ్, కర్ లేవ్' అని," అంటూ ఆపా నాకు చెప్పి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సులువే అన్నావు గదా, చేసుకో అని.

ఆయన కడిగాడు. పై నుంచి నీళ్లు పోశాడు, అంతే. పొలుసు గీకలేదు. పొట్ట కొయ్యలేదు. పేగులతో, పిత్తంతో చేప మొత్తం ఓవెన్లోకి పోయింది. దోస్తులు వచ్చారు, కూర్చున్నారు. మొదటి ముద్దకే ఒకాయన నోట్లోంచి పొలుసులు తీసుకున్నాడట. రెండో ఆయనకు పిత్తం తగిలింది. "ఏం గుమాస్తా, వేపాకు గిట్ల నూరినవా?" అని గట్టిగా అడగడం గోడ అవతలికి వినబడిందట. వాళ్లు మాకు అత్తలూ కారు, ఆడబిడ్డలూ కారు. తినలేదు. కంచాలు అట్లాగే వదిలి చౌరస్తాలో హోటలుకు పోయి పరోటాలు తిన్నారు. ఆయన కూడా వాళ్ల వెంటే పోయాడట.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వాకిలి దాకా నీచు వాసన. కంచాలన్నీ ఎండిపోయి ఉన్నాయి. గోడ మీద, ఫ్యాను రెక్క మీద కూడా పొలుసు. గీకనే గీకని పొలుసు అక్కడికి ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు.

"చేప మంచిది కాదు. చేపలమ్మే ఆమె మోసం చేసింది," అన్నాడు.

కాళ్లు కడుక్కుని, పిల్లకు అక్క కట్టిచ్చిన సద్ది పెట్టాను.

"గిన్నెలు కడగాలె," అన్నాడు మంచం మీంచే.

"కడగాలె," అన్నాను నేను కూడా. తలుపు దగ్గర కూర్చుని పిల్ల తల దువ్వడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి లేచాడు. నల్లా కింద కూర్చుని, లుంగీ మడిచి, బూడిద ఎక్కడుందని అడిగాడు. చెప్పాను. లైన్లో జనం చూస్తున్నారని మొహం గోడ వైపు తిప్పుకుని తోమాడు. ఆపా మా గుమ్మం ముందు రెండుసార్లు అనవసరంగా నడిచింది. ఆయన తోమిన కంచాలకు జిడ్డు పోలేదు. అట్లాగే బోర్లించి లోపలికి వచ్చి, పెద్ద పని చేసినవాడిలా నిట్టూర్చాడు.

ఆ కంచాల్లోంచి ఒకటి తీసి ఆయన ముందే పెట్టి, అన్నం వడ్డించాను. జిడ్డు చూశాడు. కంచం దగ్గరికి జరుపుకుని తిన్నాడు.