కూపీలక్క

ఆఫీసులో ఆమెను అందరూ కూపీలక్క అంటారు. సర్వర్లు తాము చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టాలను, అంటే లాగ్స్‌ను, అన్నిటినీ ఒకచోట పోగేసే ఉచిత సాఫ్ట్‌వేరు ఆమెకు బిడ్డతో సమానం. అది పనులు జరిగిన వేళలను ఒక దొంతరగా, చేసినవాళ్ల, చేసిన ప్రోగ్రాముల పేర్లను ఇంకో దొంతరగా పెట్టుకుంటుంది. పేరడిగితే పేర్ల దొంతర ఒక్కటే తిరగేసి చిటికెలో చెబుతుంది. దాన్ని ఏదైనా అడిగేముందు కొప్పులో పెన్ను గుచ్చుకుని వేళ్లు విరుచుకోవడం ఆమె అలవాటు.

ఆ ఉదయం వెబ్‌సైటు నత్తనడక పట్టింది. నిన్న కొత్త కోడ్ ఎక్కించినతని మీద అందరూ విరుచుకుపడ్డారు. పాపం, అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఉండండర్రా, ముందు నా బిడ్డనడుగుదాం" అంటూ ఆమె వేళ్లు విరుచుకుని, వెబ్‌సైటు తలుపు ఎక్కువసార్లు తడుతున్నదెవరని అడిగింది. జవాబు చూసి పకపకా నవ్వింది. క్షణానికి వందసార్లు "బాగున్నావా, బాగున్నావా" అని అడుగుతూ వెబ్‌సైటుకు ఊపిరాడనివ్వనిది, నిన్న సాయంత్రం స్వయంగా ఆమే పెట్టిన కాపలా ప్రోగ్రామే!

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా బిడ్డ పట్టేసింది, చూశావా తమ్ముడూ!" అని కోడ్ ఎక్కించినతనితో అంటూ, బహుమతి గెలిచినంత గర్వంగా ఆ కాపలా ప్రోగ్రామును ఆపేసింది.