గేటు నుంచి ఎన్ని అడుగులు

విమానంలో నా పక్కన కూర్చున్న ఇద్దరూ జగిత్యాల వాళ్లు. సౌదీకి మొదటిసారి పోతున్నారు, భయంతో ముఖాలు పీక్కుపోయాయి. వాళ్లను చూస్తే నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండింది. వాళ్లకది పరాయి దేశం, నాకు కాదు. నేను ముసల్మాన్‌ను, చిన్నప్పుడే ఖురాన్ పూర్తి చేసినవాణ్ణి. కరీంనగర్‌లో మా గల్లీ మసీదులో ఏ దిక్కుకు తిరిగి నమాజు చేశానో ఆ దిక్కుకే పోతున్నాను, ఇంక నాకు కొత్తేముంది అనుకున్నాను.

జెద్దాలో దిగిన రోజే ఆ గర్వమూ దిగింది. దాహమైతే నీళ్లడగడం రాలేదు. అర్థం తెలియకుండా ఖురాన్ మొత్తం చదివిన నోరు ఒక సీసా నీళ్ల దగ్గర మూగబోయింది. చేత్తో సైగ చేశాను. దుకాణంవాడు నన్ను ఎగాదిగా చూసి "హిందీ?" అన్నాడు. అక్కడ హిందీ అంటే హిందుస్థాన్ మనిషి అని. పేరు చెప్పినా, సలాం చెప్పినా నేను హిందీనే. ఆ జగిత్యాల వాళ్లూ నేనూ ఒకే గాటన పడ్డాం.

నన్ను అక్కడికి పిలిపించుకున్నది మా చాచా, అంటే నాన్న తమ్ముడు. పద్నాలుగేళ్లుగా ఆ కంపెనీలోనే పెయింటింగ్ పని చేస్తున్నాడు. నాకు ఏసీ మెకానిక్ పని ఇప్పించాడు. ఇంట్లో మాది ఉర్దూ అయినా క్యాంపులో ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. చుట్టూ ఉర్దూ అర్థమయ్యేవాళ్లే కాబట్టి గుట్టు దాగాలంటే తెలుగే దిక్కు.

నమాజులో నిలబడితే పక్క మనిషి కాలు నా కాలికి తగిలేది. మన దగ్గర ఎవరికైనా కాలు తగిలితే వెంటనే చెయ్యి తగిలించి కళ్లకద్దుకుంటాం. అది ఒంట్లో పాతుకుపోయిన అలవాటు. నేను కాలు లోపలికి గుంజుకునేవాణ్ణి, అతను ఇంకాస్త జరిపేవాడు. నమాజు అయిపోయేసరికి నేను ఒంటికాలి కొంగలా నిలబడి ఉండేవాణ్ణి. బయటికి వచ్చాక చాచా నవ్వాడు.

"కాలెందుకు గుంజుకుంటవ్‌రా?"

"తగులుతుంది గద చాచా."

"తగలనియ్. ఈడ ఆనుకొని నిలవడుడే పద్ధతి. ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు జెయ్యకు."

అన్నీ అట్లాగే ఉండేవి. పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పెట్టుకుని నలుగురూ ఒక్క దాంట్లోనే తినేవాళ్లు. అందులో కారం అనే మాటే లేదు. నేను జేబులో పచ్చిమిరపకాయ పెట్టుకుని పోయేవాణ్ణి. షబే బరాత్ పండుగ వస్తే ఇంట్లో హల్వా చేసి, గులాబీ రేకులు, ఊదుబత్తులు పట్టుకుని పెద్దల సమాధులున్న ఖబ్రస్తాన్‌కు పోవడం మాకు ఆనవాయితీ. అక్కడ ఆ రోజు మామూలు డ్యూటీ. సెలవడిగితే ఫోర్‌మన్‌కు ఎందుకో అర్థమే కాలేదు. నాకు మండిపోయింది. మా తాతల నుంచి చేస్తున్నది తప్పా అని చాచాతో గొడవపెట్టుకున్నాను.

"తప్పని ఎవరన్నరు? మనది మన గుండెల పెట్టుకోవాలె. గీ ఊరి మీద రుద్దొద్దు" అన్నాడు. ఆయన పద్నాలుగేళ్లు అట్లాగే బతికాడు. నాకు ఆ ఓపిక లేదు.

రెండో ఏడు ఎండాకాలంలో, మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న చాచా కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. ఇంటికి ఫోన్ చేసింది నేనే. ఆయన భార్య, మా చాచి, మంథని పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మామూలుగా ఉర్దూలో మాట్లాడుతుంది, దుఃఖం వచ్చినా కోపం వచ్చినా తెలుగులోకి వస్తుంది. చాలాసేపు ఏడ్చాక అంది.

"పాక్ జమీన్ అది, పవిత్రమైన మట్టి. ఆడనే మట్టియ్యుండ్రి. ఆయన నసీబ్. నువ్వొక్క పని చెయ్యి బేటా. జాగ గుర్తు పెట్టుకో. ఫోటో తియ్యి. నాకు ఇంకేం వద్దు."

మరునాడే మట్టి ఇచ్చాం. ఖబ్రస్తాన్ మైదానంలా ఉంది. చెట్టు లేదు, పేరు లేదు, పలక లేదు. వరుసలు వరుసలుగా మట్టి కుప్పలు, తలవైపు ఒక రాయి. రాజైనా కూలివాడైనా అక్కడ అంతే. ఆలోచిస్తే అది గొప్ప విషయమే. కానీ ఆ రోజు నాకు మా చాచాను ఎవరూ లేనివాణ్ణి పెట్టినట్టు పెట్టేశారనిపించింది. అందరూ పోయాక వెనక్కి వచ్చి, ఊరి నుంచి తెచ్చుకున్న దర్గా ఆకుపచ్చ గుడ్డను ఆ రాయికి కట్టాను. గులాబీలు చల్లాను, ఊదుబత్తి వెలిగించాను. గుర్తు పెట్టాననుకున్నాను. గుడ్డ ఉంది కదా అని వరుసలు లెక్కపెట్టలేదు. ఏడుపు ముఖంతో ఫోటో ఏం తీస్తాం, శుక్రవారం వచ్చి తీద్దాం అనుకున్నాను.

శుక్రవారం పోతే గుడ్డ లేదు. పువ్వులు లేవు. ఏ రాయికీ ఏమీ లేదు. ఆ వారంలోనే పక్కన కొత్త వరుసలు వచ్చాయి. కాపలా ఉన్న అరబ్బు ముసలాయన దగ్గరికి పోయి చేతులతో చెప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. తనకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో "యహాఁ ఐసా నహీఁ", ఇక్కడ అట్లా చెయ్యరు అని, దువా చెయ్యమన్నట్టు రెండు చేతులూ పట్టి చూపించాడు. ఆఫీసులో నంబరు రాసి ఉండేదేమో. అడగడానికి నాకు భాష లేదు. భాష ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో, ఆ గుడ్డ కట్టింది నేనేనని పట్టుకుంటారని భయపడ్డాను. నిజం ఇదే. పౌరుషానికి పోయి చేశాను, పిరికితనంతో వదిలేశాను.

ఆ సాయంత్రం చాచి ఫోన్ చేసి ఫోటో ఏదని అడిగింది. వచ్చేముందు కొత్తగా కనిపించిన మట్టికుప్పనొకదాన్ని ఫోటో తీసి ఉంచాను, అదే పంపాను. అది చాచాదే కావచ్చు, కాకపోవచ్చు.

కాంట్రాక్టు అయిపోయి నేను కరీంనగర్ తిరిగొచ్చేసరికి ఆ ఫోటో చాచి ఇంటి గోడ మీద ఫ్రేములో ఉంది. క్లాక్ టవర్ దగ్గర పెద్దగా చేయించిందట. ప్రతి గురువారం దాని ముందు ఊదుబత్తి వెలిగించి, మిఠాయి పెట్టి ఫాతెహా చదువుతోంది. నేను ఆ గోడవైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. చెప్పాలని పోవడం, చాయ్ తాగి రావడం. పది నెలలు అట్లాగే గడిచాయి.

తర్వాత ఆమె మక్కా యాత్రకు, ఉమ్రాకు బయలుదేరింది. గల్లీలోని ఆడవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కలిసి ఒక గుంపుగా పోతున్నారు. విమానం దిగేది జెద్దాలోనే. నన్ను పిలిచి కాగితం, పెన్ను ముందు పెట్టింది.

"ఆడోళ్లను ఖబ్రస్తాన్ లోపటికి రానియ్యరంట, నాకు ఎర్కే. గేటుకాడ నిలవడి చదువుకుంట. గేటు నుంచి ఏ దిక్కు, ఎన్నో వరుస, ఎన్ని అడుగులు, జర రాసియ్యి."

పెన్ను పట్టుకున్నాను. ఏదో ఒక అంకె వేస్తే అయిపోయేది, ఆమె నమ్మేది కూడా. పెన్ను కింద పెట్టేశాను. మొత్తం చెప్పేశాను, గుడ్డ సంగతి నుంచి ఫోటో దాకా.

ఆమె లేచి ఫోటో దగ్గరికి పోయింది. తర్వాత తెలుగులో అడిగింది.

"మరి గిండ్ల ఉన్నదెవరు?"

"తెల్వది చాచీ."

"మొగోడో ఆడిదో గూడ తెల్వదా?"

తల అడ్డంగా ఊపాను.

"ఎవరో పరాయోళ్ల ముంగట ఇన్ని దినాలు నన్ను ఏడిపించినవ్. మీ చాచా మాత్రం ఆడ ఒక్కడే పండుకున్నడు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఫోటోను ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. అది ఎవరో పడుకున్న ఖబర్, పారేయలేం. దించి బీరువా మీద బోర్లా పెట్టాను. కాగితం మీద ఏమీ రాయలేదు.

పదిహేను రోజులకు తిరిగొచ్చింది. ఉమ్రా నుంచి వచ్చినవాళ్లను చూడ్డానికి పోవడం మర్యాద, అందరూ పోయివచ్చాక నేనూ పోయాను. అందరికీ ఇచ్చినట్టే నాకూ రెండు ఖర్జూరాలు, చిన్న గ్లాసులో జమ్‌జమ్ నీళ్లు ఇచ్చింది. బేటా అనలేదు.

"గేటుకాడికి తీస్కపోయిండ్రా చాచీ?"

"తీస్కపోయిండ్రు. జర సేపు నిలవడ్డ."

"చదివినవా?"

ఆమె నా చేతిలోని గ్లాసువైపు చూస్తూ అంది.

"అంత పెద్ద జాగ. ఎటు దిక్కు మొకం పెట్టి చదవాలెరా?"